ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ క్రాష్ అవుతుంటే: రీఇన్‌స్టాల్ చేసే ముందు చేయాల్సిన పనులు

మీటింగ్‌కి ఇంకా ఇరవై నిమిషాలుంది. గాంట్ చార్ట్ (టాస్క్‌లను తేదీల వెంట బార్లుగా చూపేది) తెరిచారు, ఒక టాస్క్ తేదీ మార్చారు, అంతే, విండో మాయం. మళ్లీ తెరిచారు, మళ్లీ మాయం. ఇక్కడి నుంచి దాదాపు అందరూ ఒకటే చేస్తారు: రీస్టార్ట్ కొట్టి, కాష్ తుడిచి, అప్‌డేట్ వేసి, అదీ కుదరకపోతే సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, అన్నీ ఒకదాని వెంట ఒకటి గబగబా. ఒక్కోసారి బాగవుతుంది కూడా. కానీ దేనివల్ల బాగయిందో తెలీదు కాబట్టి వచ్చే వారం అదే క్రాష్ వచ్చినప్పుడు కథ మళ్లీ మొదటికే.

ఇలాంటివి చాలా చూశాక నాకు పనికొచ్చిన ప్రశ్న ఒక్కటే మిగిలింది: క్రాష్ ఎవరి వెంట వెళ్తోంది? ఫైలు వెంటా, మనిషి లాగిన్ వెంటా, కంప్యూటర్ వెంటా, సర్వర్ వెంటా? అది తేలితే మిగతా మూడు చోట్లా వెతికే పని తప్పుతుంది. కింద చెప్పినవన్నీ ఆ ప్రశ్నకు జవాబు రాబట్టడానికీ, రాబట్టాక ఏం చేయాలో చూసుకోవడానికీ.

ముందు ఉన్నదాన్ని కాపాడుకోండి

ప్రయోగాలేవీ అసలు ఫైలు మీద చేయకండి. ఫైలు మూసేసి, కాపీ ఒకటి మీ సొంత డిస్క్ మీదకు తెచ్చుకుని, పేరు చివర తేదీ, సమయం తగిలించండి. అది వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటి సింక్ ఫోల్డర్‌లో ఉంటే ముందు సింక్ పాజ్ చేయండి, లేకపోతే మీ దగ్గర పాడైన కాపీ పోయి అందరి దగ్గరా ఉన్న మంచి కాపీ మీద కూర్చుంటుంది. ఆ సర్వీసుల్లోనే వెర్షన్ హిస్టరీ కూడా ఉంటుంది, అక్కడ నిన్నటి కాపీ దించి తెరిచి చూడండి. అది నిక్షేపంగా పనిచేస్తే మీకు పెద్ద ఆధారం దొరికినట్టే, నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఫైల్లో ఏదో చేరింది.

మీ సొంత సర్వర్ మీద నడిచేదైతే డేటాబేస్ బ్యాకప్ తీయండి, దాంతో పాటు అటాచ్‌మెంట్ల ఫోల్డర్ కూడా. చాలా టూల్స్‌లో అటాచ్‌మెంట్లు డేటాబేస్‌లో ఉండవు, డిస్క్ మీద వేరే ఫోల్డర్‌లో ఉంటాయి, ఈ సంగతి రీస్టోర్ చేసే రోజున తెలిస్తే గుండె జారిపోతుంది. క్లౌడ్ టూల్ అయితే సీఎస్‌వీ (మామూలు పట్టిక ఫైలు) ఎక్స్‌పోర్ట్ ఒకటి తీసి పెట్టుకోండి. అందులో కామెంట్లు, టాస్క్‌ల మధ్య లింకులు లాంటివన్నీ వస్తాయన్న నమ్మకం లేదు గానీ ఏమీ లేకపోవడం కన్నా నయం.

ఇంకో మాట. స్క్రీన్ తెల్లబడి పైన 'నాట్ రెస్పాండింగ్' అని కనిపించగానే ఎండ్ టాస్క్ కొట్టకండి. ఒక విండో 5 సెకన్ల పాటు జవాబివ్వకపోతే విండోస్ దానికి ఆ ముద్ర వేసేస్తుంది, చచ్చిపోయిందని దానర్థం కాదు. పెద్ద షెడ్యూల్ మొత్తాన్ని మళ్లీ లెక్కగట్టడానికి అంతకంటే ఎక్కువే పట్టొచ్చు. టాస్క్ మేనేజర్ తెరిచి ఆ ప్రోగ్రామ్ వరుసలో సీపీయూ, డిస్క్ అంకెలు కదులుతున్నాయేమో చూడండి. కదులుతుంటే ఒక పది నిమిషాలు వదిలేయండి. అన్నీ సున్నా దగ్గర ఆగిపోయి ఉంటే అప్పుడు ఆపేయండి.

అసలు ఏం జరిగిందో రాసుకోండి

'క్రాష్ అయింది' అనే మాటలో కనీసం నాలుగు వేర్వేరు జబ్బులు దాగుంటాయి. విండో దానంతట అదే మూతపడటం ఒకటి. బిగుసుకుపోయి అలాగే ఉండటం ఇంకొకటి. పేజీ తెరుచుకోక ఎర్రర్ నంబర్ రావడం మూడోది. లాగిన్ పోయి బయటకు నెట్టేయడం నాలుగోది. వీటికి మందులు వేరు, కాబట్టి ఏది జరిగిందో ముందు తేల్చుకోండి.

తర్వాత ఒక నోట్‌ప్యాడ్‌లో ఇవి రాయండి: సరిగ్గా ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు జరిగింది, దానికి ముందు చివరగా నొక్కింది ఏంటి, ఏ ఫైలు లేదా ఏ బోర్డు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబర్ (హెల్ప్‌లో అబౌట్ దగ్గర ఉంటుంది), ఈ మధ్య ఏం మారింది. సమయం రాయడం మరీ ముఖ్యం, ఎందుకంటే తర్వాత లాగ్ తెరిస్తే వందల వరుసలుంటాయి, అందులో మీ క్రాష్ ఏదో చెప్పగలిగేది గడియారం మాత్రమే. 'పొద్దున ఎప్పుడో' అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

'ఏమీ మారలేదు' అని అందరూ అంటారు, నేనూ అనేవాణ్ణి. విండోస్ అప్‌డేట్, ఆఫీస్ అప్‌డేట్, బ్రౌజర్ అప్‌డేట్, యాంటీవైరస్ అప్‌డేట్, ఇవన్నీ మనల్ని అడక్కుండానే జరుగుతాయి. స్టార్ట్ మెనూలో 'రిలయబిలిటీ' అని టైప్ చేస్తే 'వ్యూ రిలయబిలిటీ హిస్టరీ' వస్తుంది. దాన్ని తెరిస్తే రోజువారీ గ్రాఫ్ ఒకటి కనిపిస్తుంది, ఏ రోజు ఏ ప్రోగ్రామ్ పడిపోయిందో ఎర్ర గుర్తుతో, ఏ రోజు ఏ అప్‌డేట్ పడిందో దాని కిందనే. విండోస్‌లో ఇంత పనికొచ్చే స్క్రీన్ ఇంకోటి లేదంటాను, కానీ దీన్ని తెరిచి చూసినవాళ్లు నాకు అరుదుగానే తగిలారు. మొదటి ఎర్ర గుర్తుకు ముందు రోజు ఏం ఇన్‌స్టాల్ అయిందో చూడండి.

క్రాష్ ఎవరి వెంట వెళ్తోంది

అసలు పరీక్ష ఇది. నాలుగు మార్పిళ్లు, ఒక్కోసారి ఒక్కటే మార్చాలి.

మొదటిది, అదే ఫైలు కాపీని ఇంకొకరి కంప్యూటర్‌లో తెరిచి, క్రాష్ తెప్పించిన అదే పని చేయండి. అక్కడా పడిపోతే తప్పు ఫైల్లో ఉన్నట్టు, మీ కంప్యూటర్‌ని ఇంక ముట్టుకోకండి. అక్కడ హాయిగా పనిచేస్తే రెండోదానికి వెళ్లండి: మీ కంప్యూటర్‌లోనే కొత్త ఖాళీ ప్రాజెక్ట్ ఒకటి చేసి, రెండు మూడు టాస్క్‌లు వేసి అదే పని చేయండి. ఖాళీదాంట్లో కూడా పడిపోతుంటే తప్పు మీ సెట్టింగుల్లోనో కంప్యూటర్లోనో ఉంది. ఆ రెండింట్లో ఏదన్నది మూడోది తేలుస్తుంది: అదే కంప్యూటర్‌లో కొత్త విండోస్ యూజర్ అకౌంట్ తయారుచేసి, దాంతో లాగిన్ అయి చూడండి. కొత్త యూజర్‌కి బాగుంటే మీ ప్రొఫైల్ సెట్టింగులు చెడ్డాయి. వాడికీ పడిపోతుంటే కంప్యూటర్‌దే సమస్య. ఇక నాలుగోది వెబ్ టూల్స్ కోసం: మీ లాగిన్‌తో ఇంకో కంప్యూటర్‌లో, ఇంకో నెట్‌వర్క్ మీద (ఫోన్ హాట్‌స్పాట్ చాలు) ప్రయత్నించండి. అందరికీ అన్ని చోట్లా పడిపోతుంటే సర్వర్ వైపు చూడాలి. మీ లాగిన్‌కి మాత్రమే అన్ని చోట్లా పడిపోతుంటే మీ అకౌంట్‌కి కట్టి ఉన్నదేదో, అంటే మీరు సేవ్ చేసుకున్న ఫిల్టరో, డ్యాష్‌బోర్డో, పర్మిషనో అయి ఉంటుంది.

ఈ నాలుగూ చేయడానికి గంట పట్టదు. దీన్ని దాటేసి నేరుగా ఫోరాల్లో దొరికిన చిట్కాలు వేయడం మొదలుపెడితే రోజంతా పోతుంది.

లాగ్ చదవడం, భయపడకుండా

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, ఎడమవైపు విండోస్ లాగ్స్, దాని కింద అప్లికేషన్. మీరు రాసుకున్న సమయానికి వెళ్లండి. ఎర్ర గుర్తుతో ఈవెంట్ ఐడీ 1000 ఉంటే ప్రోగ్రామ్ కూలిపోయిందని, 1002 అయితే బిగుసుకుపోయిందని, 1026 అయితే డాట్‌నెట్ (మైక్రోసాఫ్ట్ ప్రోగ్రామింగ్ వేదిక) మీద రాసిన ప్రోగ్రామ్‌లో పట్టుకోని ఎక్సెప్షన్, అంటే అది సర్దుకోలేని లోపం, వచ్చిందని అర్థం.

1000 తెరిస్తే లోపల చాలా వరుసలుంటాయి, మీరు చూడాల్సినవి మూడే. ఫాల్టింగ్ అప్లికేషన్ నేమ్ పడిపోయిన ప్రోగ్రామ్ పేరు. ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్ అది పడిపోయినప్పుడు ఎవరి కోడ్ నడుస్తోందో ఆ ఫైలు పేరు. ఎక్సెప్షన్ కోడ్ ఎలా పడిపోయిందో చెబుతుంది: సి0000005 అని ముగిస్తే ప్రోగ్రామ్ తనది కాని మెమరీని ముట్టుకుంది, సి0000374 అయితే మెమరీ కుప్పను (హీప్) ముందే ఎవరో పాడుచేశారు, ఈ0434352 అయితే డాట్‌నెట్ గొడవ, వివరాలు పక్కనే ఉన్న 1026లో ఉంటాయి.

మాడ్యూల్ పేరు దగ్గర కొత్తవాళ్లు బోల్తా పడుతుంటారు. అక్కడ 'ఎన్‌టీడీఎల్ఎల్' అని కనిపిస్తే విండోస్‌దే తప్పని విండోస్ మొత్తం మళ్లీ వేసినవాళ్లున్నారు. అది పడిన చోటు మాత్రమే, తోసినవాడు ఇంకెవడో. అదే అక్కడ గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ పేరో, ప్రోగ్రామ్‌కి అదనంగా తగిలించిన ఏదైనా యాడ్-ఇన్ పేరో, ప్రింటర్ డ్రైవర్ పేరో ఉంటే మాత్రం గట్టి ఆధారం, నేరుగా దాని మీదకు వెళ్లండి. ఒకే క్రాష్ నాలుగైదు సార్లు వచ్చి ఉంటే అన్నిటినీ పోల్చండి. ప్రతిసారీ అదే మాడ్యూల్, అదే కోడ్ అయితే ఒకే కారణం ఉంది. ఒక్కోసారి ఒక్కో పేరు వస్తూ, పైగా బ్రౌజర్, వర్డ్ కూడా అప్పుడప్పుడూ పడిపోతుంటే ర్యామ్ మీద అనుమానపడండి, విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నొస్టిక్ ఒక రాత్రి నడపండి.

మ్యాక్‌లో కన్సోల్ అనే యాప్ తెరిస్తే క్రాష్ రిపోర్టులు విడిగా ఉంటాయి. జావా మీద నడిచే టూల్స్ జావా యంత్రమే కూలిపోతే అవి నడుస్తున్న ఫోల్డర్‌లోనే 'హెచ్ఎస్ ఎర్ పిడ్' (hs_err_pid) అని మొదలయ్యే ఫైలు ఒకటి వదిలిపోతాయి, పైనున్న పది వరుసలు చదివితే సాధారణంగా సరిపోతుంది.

తప్పు ఫైల్లోనే ఉంటే

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ వాడేవాళ్లు మొదట చేయాల్సింది: ఫైలు ఇంకా తెరుచుకుంటుంటే సేవ్ యాజ్‌లో ఎక్స్ఎంఎల్ ఫార్మాట్ ఎంచుకుని సేవ్ చేసి, మూసేసి, ఆ ఎక్స్ఎంఎల్‌ని కొత్త ప్రాజెక్ట్‌గా తెరిచి, మళ్లీ మామూలు ఎంపీపీగా సేవ్ చేయండి. టాస్క్‌లు, రిసోర్సులు, లింకులు వస్తాయి, లోపల పేరుకున్న చెత్త చాలావరకు రాలిపోతుంది. వ్యూలు, బార్ల రంగులు లాంటి ఫార్మాటింగ్ పోతుంది, అది మళ్లీ చేసుకోవాల్సిందే.

ప్రిమవేరా పీ6 అనే షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్ఈఆర్ ఫైలు (ప్రాజెక్ట్‌ని ఒకరి నుంచి ఇంకొకరికి పంపే దాని ఫార్మాట్) ఇంపోర్ట్ చేస్తుంటే గంటలు గడిచినా కదలకపోతే, ఆ ఫైల్ని నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ లాంటి ఎడిటర్‌లో తెరవండి. అది ట్యాబ్‌లతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలే, ప్రతి పట్టిక మొదట్లో శాతం గుర్తు, పక్కనే ఇంగ్లిష్ 'టీ' అక్షరం, ఆ తర్వాత పట్టిక పేరు ఉంటాయి. పీఓబీఎస్ అనే పట్టిక వేలు, లక్షల వరుసలతో కనిపిస్తే దొంగ దొరికినట్టే. మామూలు వాడకంలో ఎవరికీ అక్కర్లేని డేటా అది, ఒక డేటాబేస్ నుంచి ఇంకో డేటాబేస్‌కి ఎక్స్ఈఆర్‌ల మీదెక్కి పాకుతూ ఉంటుంది. కాపీ ఫైల్లో ఆ పట్టిక మొదలు నుంచి తర్వాతి పట్టిక మొదలయ్యే దాకా తీసేసి, సేవ్ చేసి ఇంపోర్ట్ చేయండి. ఇప్పటికే మీ డేటాబేస్‌లోకి వచ్చేసి ఉంటే దాన్ని అక్కడ కూడా శుభ్రం చేయించాలి, లేకపోతే మీరు బయటకు పంపే ప్రతి ఫైలూ ఇంకొకరి నెత్తిన పడుతుంది.

ఏ టూల్‌కైనా పనికొచ్చే పద్ధతి మాత్రం సగం సగం చేయడం. ఒకసారి నా దగ్గరకు 1400 వరుసల షెడ్యూల్ ఒకటి వచ్చింది, సేవ్ కొట్టగానే సాఫ్ట్‌వేర్ మూతపడుతోంది, మూడు వేర్వేరు కంప్యూటర్లలోనూ అంతే. కాపీ తీసి కింది సగం డిలీట్ చేసి సేవ్ కొట్టాను, పడిపోయింది. అంటే దొంగ పై 700 వరుసల్లో ఉన్నాడు. అందులో సగం, మళ్లీ సగం. 1400 వరుసలకు పదకొండు సార్లు చాలు, రెండుని పదకొండు సార్లు హెచ్చిస్తే 2048 కదా. చివరికి ఒక్క టాస్క్ మిగిలింది, దాని పేరు, తేదీలు, అన్నీ శుభ్రంగానే ఉన్నాయి, డబుల్ క్లిక్ చేసి నోట్స్ ట్యాబ్‌కి వెళ్తే అక్కడ ఎవరో ఒక ఈమెయిల్ని బొమ్మలతో సహా తెచ్చి పేస్ట్ చేసి ఉన్నారు. అసలు ఫైలు కాపీలో ఆ ఒక్క నోట్ తీసేసి, అదే విషయం మామూలు అక్షరాల్లో టైప్ చేశాక సేవ్ అయింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే, కానీ ఆ ఎలుకే రెండు రోజులుగా పనంతా ఆపింది.

సగం చేసేటప్పుడు రెండు జాగ్రత్తలు. సమ్మరీ టాస్క్ డిలీట్ చేస్తే దాని కిందివన్నీ పోతాయి, కాబట్టి ఎక్కడ కోస్తున్నారో చూసుకోండి. రెండోది, పై సగమూ కింది సగమూ విడివిడిగా బాగానే ఉండి, కలిపితేనే పడిపోతుంటే తప్పు ఏ ఒక్క వరుసలోనూ లేదు, రెండు సగాలనూ కలిపే లింకులోనో లేక మొత్తం సైజులోనో ఉంది. మాస్టర్ ప్రాజెక్ట్‌లో వేరే ఫైళ్లు ఇన్‌సర్ట్ చేసి ఉంటే ఇది ఎక్కువ. అలా ఇన్‌సర్ట్ చేసిన ఫైలు పేరు మార్చారో, ఫోల్డర్ మార్చారో, నెట్‌వర్క్ డ్రైవ్ అందట్లేదో చూడండి. నెట్‌వర్క్ డ్రైవ్ మీద నుంచి నేరుగా తెరిచి పని చేయడం మానేసి, లోకల్ కాపీతో ప్రయత్నిస్తే కొన్ని 'క్రాష్‌లు' అక్కడికక్కడే మాయమవుతాయి.

తప్పు మీ సెట్టింగుల్లో ఉంటే

మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో గ్లోబల్ డాట్ ఎంపీటీ అనే ఫైలు ఉంటుంది. మీరు చేసుకున్న వ్యూలు, ఫిల్టర్లు, క్యాలెండర్లు, మాక్రోలు అందులోనే ఉంటాయి, ప్రోగ్రామ్ తెరిచిన ప్రతిసారీ అది చదవబడుతుంది, కాబట్టి అది చెడితే ఖాళీ ప్రాజెక్ట్ కూడా పడిపోతుంది. ప్రోగ్రామ్ మూసేసి, మీ యాప్‌డేటా రోమింగ్ ఫోల్డర్‌లో మైక్రోసాఫ్ట్, దాని లోపల ఎంఎస్ ప్రాజెక్ట్, వెర్షన్ నంబర్ (ఈమధ్య వెర్షన్లన్నిటికీ 16), భాష నంబర్ (ఇంగ్లిష్‌కి 1033) వరకు వెళ్తే అక్కడుంటుంది. డిలీట్ చేయకండి, పేరు చివర 'పాత' అని తగిలించండి చాలు. మళ్లీ తెరిస్తే కొత్తది తయారవుతుంది. క్రాష్ ఆగిందంటే దోషి అదే, ప్రాజెక్ట్‌లోనే ఉన్న ఆర్గనైజర్‌తో పాతదాంట్లోంచి కావాల్సిన వ్యూలను ఒక్కొక్కటిగా తెచ్చుకోండి. అన్నీ ఒకేసారి తెచ్చుకుంటే చెడ్డది కూడా వెంటే వస్తుంది.

యాడ్-ఇన్‌ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్‌లోకి వెళ్లి, కింద మేనేజ్ దగ్గర కామ్ యాడ్-ఇన్స్ ఎంచుకుని గో నొక్కి, అన్నిటికీ టిక్ తీసేయండి. బాగుంటే సగం ఆన్ చేయండి, మళ్లీ సగం సగం పద్ధతే.

టీమ్ ఛాట్, బోర్డు, టాస్క్ యాప్‌లకు వచ్చే డెస్క్‌టాప్ వెర్షన్లు చాలావరకు లోపల ఒక బ్రౌజరే. వాటిలో లాగౌట్ చేసి, యాప్ మూసేసి, దాని కాష్ ఫోల్డర్ పేరు మార్చి తెరవండి. ఆఫ్‌లైన్‌లో చేసిన మార్పులు ఇంకా సింక్ కాకుండా ఉంటే మాత్రం ఆ పని చేయకండి, అవి ఆ ఫోల్డర్‌లోనే ఉండొచ్చు. వెబ్‌లో తెరిచి మీ చివరి మార్పులు అక్కడ కనిపిస్తున్నాయో లేదో ముందు చూసుకోండి.

తప్పు కంప్యూటర్‌లో ఉంటే

గాంట్ చార్ట్ జరిపినప్పుడో, జూమ్ చేసినప్పుడో, రెండో మానిటర్ తగిలించినప్పుడో మాత్రమే పడిపోతుంటే గ్రాఫిక్స్. యాప్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి చూడండి, ఆగితే డ్రైవర్‌ని కార్డు తయారీదారు సైట్ నుంచి తెచ్చి వేయండి. ప్రింట్ ప్రివ్యూ, పేజ్ సెటప్ దగ్గర పడిపోతుంటే డిఫాల్ట్ ప్రింటర్‌ని 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్'కి మార్చి చూడండి, ఎప్పుడో తీసేసిన నెట్‌వర్క్ ప్రింటర్ ఇంకా డిఫాల్ట్‌గా ఉండి దాని జవాబు కోసం ప్రోగ్రామ్ ఎదురుచూస్తూ బిగుసుకుపోవడం కొత్తేమీ కాదు.

32 బిట్ వెర్షన్ వాడుతున్నారేమో కూడా చూడండి. మీ కంప్యూటర్‌లో 16 జీబీ ర్యామ్ ఉన్నా 32 బిట్ ప్రోగ్రామ్ మామూలుగా 2 జీబీ వరకే వాడుకోగలదు, ప్రత్యేకంగా తయారుచేసినదైతే 4 జీబీ. పెద్ద మాస్టర్ ప్రాజెక్ట్ తెరిచాక టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఆ అంకెల దగ్గరకు వస్తున్నప్పుడే పడిపోతుంటే 64 బిట్ వెర్షన్‌కి మారడమే మందు. మారే ముందు మీ యాడ్-ఇన్‌లకు 64 బిట్ వెర్షన్లున్నాయో లేదో చూసుకోండి.

యాంటీవైరస్‌ని అనుమానిస్తే దాన్ని పూర్తిగా ఆపేయమని నేను చెప్పను, మీ ఐటీ వాళ్లను అడిగి ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని కాసేపు మినహాయింపులో పెట్టించి పరీక్షించండి. సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ ఎంత లోతుగా పనిచేస్తుందో తెలియాలంటే 2024 జులై 19 గుర్తుచేసుకోండి, క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది.

ఇవన్నీ అయ్యాకే రిపేర్. ఆఫీస్ కుటుంబం ప్రోగ్రామ్‌లకు కంట్రోల్ ప్యానెల్‌లో ఛేంజ్ నొక్కితే క్విక్ రిపేర్, ఆన్‌లైన్ రిపేర్ అని రెండు వస్తాయి. మొదట క్విక్. రెండోది దాదాపు మళ్లీ ఇన్‌స్టాల్ చేసినట్టే, టైమూ నెట్టూ రెండూ కావాలి.

బ్రౌజర్‌లో నడిచేవాటికి

ముందు ఆ సర్వీసు స్టేటస్ పేజీ చూడండి, తర్వాత మీ కంప్యూటర్. వాళ్ల దగ్గరే ఆగిపోయి ఉంటే మీరు కాష్ తుడిచి లాభం లేదు. 2022 ఏప్రిల్‌లో అట్లాసియన్ క్లౌడ్ అలా ఆగిపోయినప్పుడు 775 కస్టమర్ సంస్థలకు ఆ కంపెనీ టూల్స్ జిరా (టాస్క్‌లకు), కాన్‌ఫ్లుయెన్స్ (డాక్యుమెంట్లకు) అందకుండా పోయాయి, కొందరికి 14 రోజుల దాకా. కారణం దాడి కాదు, సంస్థ లోపల నడిపిన ఒక స్క్రిప్ట్ తీసేయకూడని సైట్లను తీసేసింది. పైన సీఎస్‌వీ తీసి పెట్టుకోమన్నది ఇందుకే.

స్టేటస్ పేజీ పచ్చగా ఉంటే ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి. అక్కడ బాగుంటే ఎక్స్‌టెన్షనో, కాషో. యాడ్ బ్లాకర్లు, గ్రామర్ సరిచూసేవి, టైమ్ ట్రాకర్లు ముందు అనుమానితులు, ఒక్కొక్కటే ఆపి చూడండి. ట్యాబ్ మొత్తం కూలిపోయి బొమ్మ పేజీ వస్తుంటే క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి, బ్రౌజర్ సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. మీ బోర్డు ట్యాబ్ మెమరీ నిమిషం నిమిషానికీ పెరుగుతూ పోతుంటే బోర్డే బరువెక్కింది. పూర్తయిన కార్డులను ఆర్కైవ్ చేయండి, ఒకే వ్యూలో అన్ని ప్రాజెక్టులూ చూపించే ఫిల్టర్‌ను తగ్గించండి, నిజానికి ఆ వ్యూ ఎవరూ చూడరు కూడా.

ఎర్రర్ నంబర్ వస్తుంటే ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఎర్రగా ఉన్న వరుస చూడండి. 500 అంటే సర్వర్ లోపల ఏదో పగిలింది. 502, 504 అంటే ముందున్న ద్వారపాలకుడికి వెనకున్న సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదు, లేదా టైముకు రాలేదు. 503 అంటే ప్రస్తుతానికి సేవ లేదు. 429 అంటే మీ వైపు నుంచే మరీ ఎక్కువ రిక్వెస్టులు వెళ్తున్నాయి, దీనికి కారణం మామూలుగా ఎవరో రాసి మర్చిపోయిన ఆటోమేషన్ స్క్రిప్టే.

ఫోన్ యాప్ అయితే యాప్ అప్‌డేట్, కాష్, అంతే, ఎక్కువ ఆలోచించకండి. ఆండ్రాయిడ్‌లో ఒకేసారి చాలా యాప్‌లు పడిపోతుంటే మాత్రం 'ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ' (యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించేది) అప్‌డేట్ చూడండి. 2021 మార్చి 22న దాని అప్‌డేట్ ఒకటి చెడి ప్రపంచమంతా యాప్‌లు పడిపోయాయి, జనం ఒక్కో యాప్‌నూ తీసేసి మళ్లీ వేసుకున్నారు పాపం.

సొంత సర్వర్ మీద నడిపేవాళ్లకు

లాగ్ తెరిచే ముందే డిస్క్ ఖాళీ చూడండి. డిస్క్ నిండితే డేటాబేస్ రాయలేదు, లాగ్ కూడా రాయలేదు, అందుకే ఎర్రర్లు తలా తోకా లేకుండా వస్తాయి. నింపినవి పాత బ్యాకప్‌లు గానీ, ఎవరూ కత్తిరించని లాగ్‌లు గానీ అయి ఉంటాయి. లినక్స్‌లో పెద్ద లాగ్ డిలీట్ చేసినా ఖాళీ పెరగలేదంటే ఆ ఫైల్ని ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పట్టుకుందని, దాన్ని రీస్టార్ట్ చేస్తేనే చోటు వదులుతుంది.

జిరా డేటా సెంటర్ లాంటి జావా టూల్స్‌లో లాగ్‌లో 'ఔట్ ఆఫ్ మెమరీ ఎర్రర్, జావా హీప్ స్పేస్' అని ఉంటే హీప్ (జావా తన డేటా పెట్టుకునే మెమరీ) సైజు పెంచాలి, నిజమే. కానీ ఉన్న ర్యామ్ అంతా హీప్‌కే రాసివ్వకండి. ఆపరేటింగ్ సిస్టమ్‌కీ డేటాబేస్‌కీ ఏమీ మిగలకపోతే లినక్స్ కెర్నల్ తానే ఒక ప్రాసెస్‌ని ఎంచుకుని చంపేస్తుంది, అది ఎక్కువగా తినేవాణ్ణే ఎంచుకుంటుంది, అంటే మీ జావానే. అప్పుడు అప్లికేషన్ లాగ్‌లో ఒక్క ముక్క కూడా ఉండదు, మధ్యలో వాక్యం తెగినట్టు ఆగిపోతుంది. కెర్నల్ లాగ్‌లో చూస్తే 'కిల్డ్ ప్రాసెస్' అని ఉంటుంది. హీప్ పెంచాక క్రాష్‌లు ఎక్కువయ్యాయంటే ఇదే కథ. ఇంకో సంగతి, రెండు రెట్లు పెంచినా అదే రేటున నిండుతోందంటే ఎక్కడో మెమరీ లీక్ ఉంది, అంటే వాడిన మెమరీని ఏదో వదలట్లేదు, మీరు చేసింది క్రాష్‌ని రెండు రోజులు వెనక్కి జరపడమే. హీప్ డంప్ (హీప్‌లో ఏముందో రాసిన ఫైలు) తీసే ఆప్షన్ ఆన్ చేసి, ఈమధ్య వేసిన ప్లగిన్‌లను అనుమానించండి.

రోజూ ఒకే టైముకు పడిపోతుంటే లాగ్ కన్నా ముందు షెడ్యూల్ చేసిన పనుల జాబితా చూడండి, బ్యాకప్, రీఇండెక్స్, రాత్రి రిపోర్టులు. పొద్దున్నే అందరూ లాగిన్ అయ్యే వేళ మాత్రమే అయితే డేటాబేస్ కనెక్షన్లు చూడండి, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో మామూలు పరిమితి 100, అప్లికేషన్ పూల్‌లో (అది తెరిచి ఉంచుకునే కనెక్షన్ల సెట్టింగ్) అంతకన్నా ఎక్కువ రాసి ఉంటే గొడవ తప్పదు.

సపోర్ట్‌కి రాసేటప్పుడు

'సాఫ్ట్‌వేర్ పనిచేయట్లేదు, అర్జెంట్' అని రాస్తే వాళ్లు తిరిగి పది ప్రశ్నలు అడుగుతారు, ఒక రోజు పోతుంది. ఇలా రాయండి:

'ఇవాళ ఉదయం 10:42కి, 1400 టాస్క్‌లున్న ఫైల్లో సేవ్ నొక్కగానే ప్రోగ్రామ్ మూతపడింది. ఐదు సార్లు ప్రయత్నిస్తే ఐదు సార్లూ అంతే. ఇదే ఫైలు ఇంకో రెండు కంప్యూటర్లలోనూ పడిపోతోంది, కొత్త ఖాళీ ఫైలు బాగానే సేవ్ అవుతోంది. యాడ్-ఇన్‌లన్నీ ఆపి చూశాం, తేడా లేదు. వెర్షన్ నంబర్, ఈవెంట్ 1000 వివరాలు, ఒకే టాస్క్‌తో క్రాష్ తెప్పించే చిన్న ఫైలు జత చేశాం.'

ఆ చివరి చిన్న ఫైలు ఉంటే మీ టికెట్ నేరుగా డెవలపర్ దాకా వెళ్తుంది. వెబ్ టూల్ అయితే హెచ్ఏఆర్ ఫైలు (బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య నడిచినదాని రికార్డు) అడుగుతారు, నెట్‌వర్క్ ట్యాబ్ నుంచి దించొచ్చు. అందులో మీ లాగిన్ కుకీలు, టోకెన్లు ఉండే అవకాశం ఉంది, కాబట్టి పంపే ముందు అవి తీసేయండి, పంపాక ఒకసారి అన్ని సెషన్ల నుంచీ లాగౌట్ అవండి. మెమరీ డంప్ పంపేటప్పుడు కూడా ఇంతే, ఆ క్షణాన ఫైల్లో ఉన్న డేటా అంతా అందులో ఉంటుంది.

బాగయిందని ఎప్పుడు అనాలి

కారణం దొరికిందనుకున్నాక, కాపీ మీద దాన్ని మళ్లీ పెట్టి చూడండి. ఆ యాడ్-ఇన్ తిరిగి ఆన్ చేస్తే, ఆ నోట్ తిరిగి పేస్ట్ చేస్తే క్రాష్ తిరిగి రావాలి. రాకపోతే మీరు పట్టుకున్నది దొంగని కాదు, ఆ దారిన పోయేవాణ్ణి. తిరిగి వచ్చి, తీసేస్తే ఆగిందంటే అప్పుడు అసలు దాంట్లో మార్చండి.

ఇక ఎంతకాలం గమనించాలన్నది క్రాష్ ఎంత తరచుగా వచ్చేదో దాన్ని బట్టి. రోజుకి మూడు సార్లు వచ్చేదైతే రెండు రోజులు ప్రశాంతంగా గడిస్తే చాలు. వారానికోసారి వచ్చేదైతే కనీసం మూడు వారాలు టికెట్ మూయకండి, మధ్యలో ఎవరైనా 'అయిపోయింది కదా, క్లోజ్ చేసేద్దాం' అన్నా సరే.